రెండు మాత్రలు

మక్తల్‌ల మా బడి గుమ్మం మీద
ఒక రాయి ఉండె, ఉర్దూ అక్షరాలు చెక్కింది.
అది చదివెటోడు మాకు తెలిసి ఒక్కడే,
గంట కొట్టే ఖాజామియా.
ఏం రాసుంది చిచ్చా అంటే
ఒక్కోసారి ఒక్కోటి చెప్తుండె.
ఒకసారి కట్టించినాయన పేరన్నడు.
ఒకసారి "చెప్పులు బయట ఇడువుండ్రి" అని ఉందన్నడు.
చెప్పులున్నోళ్లం ఇడిచినం.
ఆ యేడంతా.

ఎనిమిదో తరగతి. వానొస్తే
షాబాదు బండల సందులకెంచి జెర్రులు.
వామనరావు సారు ఇంట్ల కన్నడం,
బడిల పుస్తకం తెలుగు.
నడుమ మా తెలుగు ఆయన చెవుల ముల్లు.
"అమ్మ అంగడికి వోయింది" అని రాసినందుకు
నా అరచేతుల రెండు వడ్డయి.
"పోయినది" అని యాభైసార్లు రాసిన.
నేను రాసుడు అయిపోయేలోపు
అమ్మ అంగడికెంచి మళ్లొచ్చి వంట గూడ చేసింది.

కానీ ఛందస్సు ఆయన చెప్పంగ ఇనాలె.
నల్లబల్ల మీద గురువుకు చిప్ప, లఘువుకు పుల్ల.
"లఘువు ఒక మాత్ర. గురువు రెండు."
"మాత్రంటే గోలీ గద సార్?"
కిటికీ పక్క కురుమన్న,
అంగీకి మిగిలినయి రెండే గుండీలు.
తరగతంత నవ్వింది. సారు నవ్వలే.
కండ్లు మూసి తెరిచి చూపిచ్చిండు.
"ఇంతరా. రెప్ప వడి లేచినంత."
ఆ సాయంత్రం తొవ్వ పొడుగూత
రెప్పలతోటే అన్నీ కొలిచినం,
రాయచూరు బస్సు హారను,
ఎద్దు తోక ఒక్క ఊపు,
శారవ్వ మూకుట్ల మిర్చి మునిగి తేలేదాక.
మిర్చికి లెక్క తప్పింది. ఆకలైతుండె.

దసరా ఎల్లినంక బొంబాయి బస్సు.
గిన్నెల మూట, గొంగడి,
మేకపిల్లను మాకప్పజెప్పి
కురుమన్న ఇంటోళ్లు కట్టుడు పనికి పోతుండిరి,
ఉగాదికి మళ్లొస్తుండిరి.
వానికి మీసాల కన్న ముందు మరాఠీ వచ్చింది.

పేరు పిలిస్తే "హాజర్" అనాలె మా బళ్లె.
ఆ ఒక్కమాట పుస్తకం తెలుగు కాకున్నా
సారు ఏమనకపోతుండె.
వాడు లేని దినాలు గూడ పిలుస్తుండె,
"కురుమన్న."
ఆగుతుండె.
నేను రెప్పలతోటి లెక్కవెట్టిన.
రెండు. ప్రతిసారీ రెండు.
అప్పుడు కదులుతుండె కలం.
పేరు కొట్టేయమని హెడ్మాస్టరు అంటే
రిజిస్టరు చంకల వెట్టుకొని ఎల్లొచ్చిండంట సారు.
ఇది ఖాజామియా చెప్పిందే,
ఎంత నిజమో.

తొమ్మిదిల, ఉగాది పోయింది.
ఎండలు ముదిరినయి. మేకపిల్ల ఈనింది.
ఒకరోజు కురుమన్న నాయిన ఒక్కడే వచ్చి
గుమ్మం బయట చెప్పులిడిచి నిలవడ్డడు.
టీసీ కోసమనుకున్నం.
నాలుగో అంతస్తు అన్నడు,
సెంట్రింగు కట్టె అన్నడు,
ఇంక మాట రాలే.
సారు చేతిల సుద్దముక్క అట్లనే ఉంది.
"పోయిండా?" అన్నడు.
పోయినాడా అనలే.
"పోయిండా, మన కురుమన్న?"

మరుసటి దినం హాజరు పిలువలే.
ఆ యేడు మా కాపీల తప్పులు గూడ
ఎక్కువ దిద్దలే.

మొన్న ఓటేయ పోతే అదే గది.
గుమ్మం మీది రాయికి సున్నం పూసిండ్రు,
ఇగ ఎవరేం చెప్పినా నిజమే.
బల్ల కాడ కూసున్న పిలగాడు
లిస్టుల వేలువెట్టి చదివిండు,
"కావలి తాయమ్మ."
నోరు దానంతటదే తెరుసుకున్నది.
"హాజర్."
పిలగాడు తలెత్తి నవ్విండు.
ఎడమ చెయ్యి వెట్టమ్మా అన్నడు.
చూపుడు వేలు మీద, గోరు మీంచి కిందికి,
సిరాతోటి ఒక నిలువు గీత.
పుల్ల.
ఒక్క మాత్ర.

వెనక వరుస జరగమంటున్నది.
నేనింకో రెప్పపాటు
ఆడనే నిలవడ్డ.